అమెరికా ప్రజాపత్రికలు: చరిత్రకు అవి చెప్పే సాక్ష్యం

1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానం తెచ్చిన గ్రంథం కావ్యం కాదు, నవల కాదు. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. అప్పటికి గ్రంథకర్త గతించి రెండేళ్లయినది. రాజుల వంశావళులను, దండయాత్రలను పక్కకు పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడినారు, దేనిని నమ్మినారు అన్న విషయాలను ఆయన కావ్యాల నుండి, శతకాల నుండి, చాటువుల నుండి ఏరి కూర్చినారు. కవి పట్టుబట్టి చెప్పినదానికన్న మాటవరుసకు చెప్పి దాటిపోయినదే సాంఘిక చరిత్రకారునికి తరచు ఎక్కువ పనికివస్తుందని ఆ గ్రంథం నిరూపించినది.

ఇట్టి దృష్టితోనే అమెరికా చరిత్రకారులు 20వ శతాబ్దిలో తమ దేశపు ప్రజాపత్రికలను తిరగవేసినారు. లక్షల ఇళ్లకు వారంవారం, నెలనెలా చేరిన ఆ పత్రికలు పండితుల దృష్టిలో చాలకాలం కాలక్షేపపు సరుకుగానే ఉండిపోయినవి. ఫ్రాంక్ లూథర్ మాట్ 1930 నుండి సంపుటాలుగా వెలువరించిన అమెరికా పత్రికల చరిత్ర వాటికి విద్వల్లోకంలో గౌరవం కల్పించినది. కాని పత్రికల చరిత్ర వ్రాయడం వేరు, పత్రికల నుండి చరిత్ర వ్రాయడం వేరు. రెండవ పనికి పూనుకొన్నవారు సాక్షిని ప్రశ్నించడం నేర్చుకోవలసి వచ్చినది. ఆ నేర్చుకొన్న తీరు రచయితలకు కూడ ఆలోచింపదగినది. ఏలనంటే ఆ పత్రికలను నింపినవారు రచయితలే.

దినపత్రిక మరునాటికి పాతబడుతుంది. గ్రంథం తన కాలాన్ని దాటి నిలవాలని కోరుతుంది. ఈ రెంటికి నడుమ ఉన్నది మాసపత్రిక, వారపత్రిక. ఒక సంచికలో కథ, ధారావాహిక నవల, రాజకీయ వ్యాసం, వంట, కుట్టుపని, వైద్యసలహా, హాస్యచిత్రం, పాఠకుల ఉత్తరాలు, వీటన్నిటి నడుమ వ్యాపార ప్రకటనలు. ఇంటిల్లిపాదికీ నచ్చవలెనన్న సంకల్పంతో ఒకే అట్టల మధ్య ఇన్ని కూర్చినందువల్లనే ఒక కాలపు సగటు ఊహను ఒకచోట చూడడానికి అది వీలిస్తుంది.

ఈ పత్రికల పుట్టుక వెనుక ఒక లెక్క ఉన్నది. 1879లో వచ్చిన తపాలా చట్టం పత్రికలను చౌకగా పంపే వసతి కల్పించినది. 1893లో ఫ్రాంక్ మన్సీ తన మాసపత్రిక వెలను 10 సెంట్లకు దించినాడు. తయారీకి అయ్యే ఖర్చుకన్న తక్కువకు అమ్మి, పెరిగిన పాఠకుల సంఖ్యను ప్రకటనదారులకు చూపి లాభం గడించవచ్చునని ఆ చర్యతో తేలిపోయినది. సైరస్ కర్టిస్ ఈ మార్గాన్ని పెద్దయెత్తున నడిపించినాడు. 1883లో ఆరంభమయిన ఆయన 'లేడీస్ హోమ్ జర్నల్' 20వ శతాబ్ది తొలి ఏళ్లలోనే 10 లక్షల చందాదారులను దాటినది. 1897లో 1000 డాలర్లకు ఆయన కొన్న 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' జార్జ్ హొరేస్ లోరిమర్ సంపాదకత్వంలో దేశంలోని ప్రధాన వారపత్రికలలో ఒకటయినది.

ఈ లెక్క చరిత్రకారునికి మొదటి హెచ్చరిక. పాఠకుడు పత్రికను కొంటున్నాడు. పత్రిక ఆ పాఠకుని చూపునే ప్రకటనదారునికి అమ్ముతున్నది. కనుక ప్రతి పుట మీద ఇద్దరు యజమానుల నీడ ఉంటుంది. పాఠకునికి ఏది ఇష్టం, ప్రకటనదారునికి ఏది కష్టం అన్న రెండు ఊహల నడుమ సంపాదకుడు నడుస్తాడు. ఆ ఊహ సరియైనదా కాదా అన్నది వేరు మాట. అట్టి ఊహ ఉండినది అన్నది మాత్రం తిరుగులేని చారిత్రక సత్యం.

ఒక్కొక్కప్పుడు పత్రిక చరిత్రను చెప్పడమే కాక చేసినది కూడ. 1903 జనవరి 'మెక్‌క్లూర్స్' సంచికలో మూడు రచనలు కలిసి వచ్చినవి: స్టాండర్డ్ ఆయిల్ సంస్థను గూర్చి ఐడా టార్బెల్ వ్రాస్తున్న ధారావాహికలో ఒక భాగం, మినియాపొలిస్ నగర పాలనలోని అవినీతిని గూర్చి లింకన్ స్టెఫెన్స్ వ్యాసం, బొగ్గుగనుల సమ్మెలో పనికి వెళ్లిన కార్మికులను గూర్చి రే స్టానర్డ్ బేకర్ వ్యాసం. 1906లో అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ ఇట్టి రచయితలను, తల ఎత్తి చూడక నేలమీది మురికినే గోకేవారితో పోల్చినాడు. ఆ నిందనే వారు బిరుదుగా ధరించినారు. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టవలసినదిగా తీర్పునిచ్చినది.

టార్బెల్ తండ్రి పెన్సిల్వేనియా చమురు ప్రాంతంలో ఆ సంస్థ ధాటికి నష్టపడిన చిన్న వ్యాపారులలో ఒకడు. ఆమెకు ఈ విషయంలో స్వంత బాధ ఉన్నదన్నమాట. కాని ఆమె ఆధారపడినది ఆ బాధ మీద కాదు. కోర్టు దస్తాలు, ప్రభుత్వ విచారణల నివేదికల మీద. సాక్షికి పగ ఉన్నంత మాత్రాన సాక్ష్యం అబద్ధం కాబోదు. అయితే పగ ఉన్నదని తెలిసి చదవడం చరిత్రకారుని ధర్మం.

పత్రికలు తెలిసి చెప్పిన సాక్ష్యం ఇట్టిది. తెలియక చెప్పిన సాక్ష్యాన్ని రాబట్టినవారిలో లియో లోవెంతాల్ ముఖ్యుడు. హిట్లరు జర్మనీని విడిచి అమెరికా చేరిన ఈ సాహిత్య సమాజశాస్త్రవేత్త 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్', 'కాలియర్స్' పత్రికలలో 1901 మొదలు 1941 వరకు వచ్చిన జీవితచరిత్ర వ్యాసాలను ఎంచి లెక్కించి, 1944లో తన పరిశీలనను ప్రకటించినాడు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం ఆ వ్యాసాలలో రాజకీయ నాయకులు, వ్యాపారులు, వృత్తి నిపుణులు కలిసి మూడు పాళ్లు. నటులు, క్రీడాకారులు మొదలైన వినోదరంగం వారు ఒక పాలు. 1940 నాటికి వినోదరంగం వారే సగం దాటినారు. మొదటివారు ఎట్లు కష్టపడి పైకి వచ్చినారో పాత వ్యాసాలు చెప్పినవి. రెండవవారు ఏమి తింటారో, తీరిక వేళ ఎట్లు గడుపుతారో కొత్త వ్యాసాలు చెప్పినవి. ఉత్పత్తి చేసేవారి నుండి అనుభవించేవారి వైపు ఆరాధన మళ్లినదని లోవెంతాల్ తేల్చినాడు. ఆ వ్యాసాలు వ్రాసినవారిలో ఒక్కరికి కూడ తాము ఈ మార్పునకు సాక్ష్యం చెబుతున్నామని తోచి ఉండదు.

ఒకే రకపు పత్రికలు ఇద్దరికి రెండు కథలు చెప్పిన సందర్భం ఇంతకన్న బోధకమైనది. 1963లో బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినిన్ మిస్టీక్' ప్రకటించినది. ఆమె స్వయంగా స్త్రీల పత్రికలకు వ్యాసాలు వ్రాసి జీవించిన రచయిత్రి. 1939 నాటి స్త్రీల పత్రికల కథలను తిరగవేస్తే కథానాయికలు ఎక్కువగా ఉద్యోగాలు చేసుకొనే స్వతంత్రులుగా కనిపించినారు. పది సంవత్సరాల తరువాత అట్టివారు మూడింట ఒకరు. 1950ల చివరికి దాదాపు మాయమయినారు. యుద్ధానంతర అమెరికా స్త్రీని ఇంటిలోనికి పంపి తలుపు వేసిన పనిలో ఈ పత్రికలకు పెద్ద పాలు ఉన్నదని ఆమె వాదం. ఆ వాదం ఒక ఉద్యమానికే ఊపిరి పోసినది.

మూడు దశాబ్దాల అనంతరం, 1993లో, జోయాన్ మేయరోవిట్జ్ అనే చరిత్రకారిణి ఈ వాదాన్ని పరీక్షకు పెట్టినది. 1946 నుండి 1958 వరకు వచ్చిన ప్రజామాసపత్రికలలోని 489 వ్యాసాలను ఆమె చదివినది. ఆమె ఎన్నుకొన్నవి కథలు కావు, వ్యాసాలు. స్త్రీల పత్రికలు మాత్రమే కావు, 'రీడర్స్ డైజెస్ట్', 'హార్పర్స్', నల్లజాతి పాఠకుల 'ఎబొనీ' కూడ. వాటిలో ఇంటి వెలుపల కృషి చేసి పేరు తెచ్చుకొన్న స్త్రీల ప్రశంస విరివిగా కనిపించినది. గృహిణీధర్మపు స్తుతి లేకపోలేదు. కాని దాని పక్కనే, కొన్నిసార్లు ఒకే వ్యాసంలో, స్త్రీ ప్రజాజీవితంపై గౌరవం ఉన్నది.

ఇందులో ఎవరు తప్పు అన్న ప్రశ్నకన్న ఏ ప్రక్రియ ఏమి చెబుతుంది అన్న ప్రశ్న ఫలవంతమైనది. కథ పాఠకురాలి కోరికకు, భయానికి దగ్గరగా ఉంటుంది. పరిచయవ్యాసం సమాజం బహిరంగంగా మెచ్చుకొనడానికి ఒప్పుకొన్నదానిని చెబుతుంది. ఒకే కాలంలో ఈ రెండూ వేరువేరుగా ఉండడం వింత కాదు. విజయాలను మెచ్చుకొంటూనే ఇల్లు విడువవద్దని బోధించే సమాజాలు అన్ని దేశాలలోను ఉన్నవి. సాహిత్య ప్రక్రియల భేదం తెలియని చరిత్రకారుడు ఇక్కడ పొరబడతాడు. చరిత్ర తెలియని విమర్శకుడు కథను కథగానే వదిలివేస్తాడు.

ఇక ప్రకటనలు. 1892లో 'లేడీస్ హోమ్ జర్నల్' సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ సర్వరోగ నివారిణుల పేరిట అమ్ముడుపోతున్న మందుల ప్రకటనలను నిరాకరించినాడు. 1906లో ఆహారౌషధాల శుద్ధిని గూర్చిన చట్టం వచ్చినది. ఆ మందుల ప్రకటనలను చూచినవారికి నాటి ప్రజలకు ఏ రోగాల భయం ఉండెనో తెలుస్తుంది. 1920లలోను, 1930లలోను వచ్చిన ప్రకటనలను పరిశీలించి రోలండ్ మార్చండ్ 1985లో ఒక గ్రంథం వ్రాసినాడు. ప్రకటన సమాజానికి అద్దమే కాని వంకర అద్దమని అతని భావం. అందులో కనిపించే ఇళ్లు సంపన్నుల ఇళ్లు, ముఖాలు తెల్లవారి ముఖాలు. బొమ్మలోని వంటగది అందరి ఇళ్లలో ఉండినదనుకొనడం పొరపాటు. చాలమంది కలలో ఉండినదనుకొనడం సబబు.

విచారకరమైన సంగతి ఏమనగా, ఈ ప్రకటనల పుటలనే అనేక గ్రంథాలయాలు పారవేసినవి. సంవత్సరం సంచికలను ఒక సంపుటంగా బైండు చేయించేటప్పుడు అట్టలను, ముందు వెనుకల ప్రకటనల కాగితాలను తీసివేయడం వాడుక. సాహిత్యం మిగులుతుంది, స్థలం కలిసివస్తుంది అన్నది వారి ఆలోచన. పాఠ్యం మిగిలినది కాని, ఏ వస్తువు పక్కన ఏ కథ చదవబడినదో తెలిపే ఆనవాలు పోయినది.

చిత్రాల విషయానికి వస్తే నార్మన్ రాక్‌వెల్‌ను తలచుకొనక తప్పదు. 1916లో 'పోస్ట్' ముఖచిత్రంతో మొదలుపెట్టి 1963 వరకు అతడు ఆ పత్రికకు వందలాది ముఖచిత్రాలు గీసినాడు. చిన్న ఊళ్లు, క్షురకశాలలు, అల్లరి పిల్లలు, పండుగ భోజనాలు — అమెరికా అంటే ఇదే అని రెండు తరాలు నమ్మినవి. ఆ చిత్రాలలో నల్లజాతివారు కనిపించడం అరుదు, కనిపిస్తే సేవకులుగా. వారిని సేవకవృత్తిలో తప్ప చూపరాదన్న నియమం పత్రికలో ఉండెనని రాక్‌వెల్ తరువాత చెప్పుకొన్నాడు. 'పోస్ట్' విడిచిన వెంటనే, 1964 జనవరిలో, 'లుక్' పత్రికలో అతని చిత్రం ఒకటి వచ్చినది. 1960లో న్యూ ఆర్లియన్స్ నగరంలో తెల్లపిల్లల బడికి ప్రభుత్వోద్యోగుల కాపలాలో నడిచివెళ్లిన ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ ఆ చిత్రానికి మూలం. గోడమీద తిట్టు, పగిలిన టమాట మరక, మధ్య తెల్లగౌనుతో చిన్నపిల్ల. చిత్రకారుడు అతడే, కుంచె అదే, మారినది పత్రిక. 47 ఏళ్ల ముఖచిత్రాలలో కనిపించని దేశం అప్పుడు కనిపించినది.

ఒక పత్రిక మౌనాన్ని మరొక పత్రిక మాటతోనే కొలవవలెను. 1910లో డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ సంపాదకత్వంలో 'ది క్రైసిస్' వెలువడినది. పెద్ద పత్రికలు వదిలివేసిన హత్యలను, బడులను, కవులను అది నమోదు చేసినది. 1929 జూలై సంచికలో అమెరికా నల్లజాతి ప్రజలకు గాంధీజీ పంపిన సందేశం అచ్చయినది. బానిసత్వపు వారసులకు, వలసపాలిత దేశానికి నడుమ నడిచిన మాటల చరిత్ర కావలసినవారు ఇట్టి పత్రికలనే ఆశ్రయించవలెను. 1945లో జాన్ హెచ్. జాన్సన్ 'ఎబొనీ'ని, 1951లో 'జెట్'ను స్థాపించినాడు.

1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుడు హత్యకు గురియైనాడు. కొట్టి వికృతం చేసిన ఆ ముఖాన్ని లోకం చూడవలెనని తల్లి శవపేటికను తెరచి ఉంచినది. సెప్టెంబరులో 'జెట్' ఆ ఛాయాచిత్రాన్ని ప్రచురించినది. అందరూ తెల్లవారే అయిన జూరీ నిందితులిద్దరిని నిర్దోషులని విడిచిపెట్టినది. 1956 జనవరిలో 'లుక్' ఒక వ్యాసం ప్రకటించినది. తిరిగి విచారణ జరుగదన్న ధైర్యంతో నిందితులు డబ్బు పుచ్చుకొని హత్యను ఒప్పుకొన్న కథ అది. వ్యాసకర్త విలియం బ్రాడ్‌ఫర్డ్ హ్యూయీ.

లక్షలమంది చదివిన ఆ వ్యాసమే చాలకాలం హత్యావృత్తాంతంగా చలామణి అయినది. కాని అందులో హత్య చేసినవారు ఇద్దరే. ఒక పాకలో నుండి దెబ్బల చప్పుడు, ఏడుపు విన్నానని, అక్కడ మరికొందరు ఉన్నారని కోర్టులో నల్లజాతి యువకుడు ప్రాణానికి తెగించి చెప్పిన సాక్ష్యానికి అందులో చోటు లేదు. విచారణకు గురికాని మిగిలినవారిని ఆ కథ కాపాడినది. 2004లో ప్రభుత్వం దర్యాప్తును తిరిగి తెరచినప్పుడు, చరిత్రకారులు వివరాలను సరిపోల్చినప్పుడు, ఆ ఒప్పుకోలు ఎంత లోపభూయిష్టమో స్పష్టమయినది. ఇదే 'లుక్' ఎనిమిదేళ్ల తరువాత రూబీ బ్రిడ్జెస్ చిత్రాన్ని ప్రచురించినదని కూడ మరువరాదు. పత్రికకు ఒకే మనస్సు ఉండదు. ఒక్కొక్క సంచికకు ఒక్కొక్క లెక్క ఉంటుంది.

పత్రికలు విదేశాలను చూచిన చూపు కూడ ఇట్లే పరీక్షింపదగినది. 1937 ఫిబ్రవరి 22 నాటి 'టైమ్' ముఖచిత్రం హైదరాబాదు నిజాము ఉస్మాన్ అలీఖాన్. ఆయన రజతోత్సవ సందర్భం అది; ప్రపంచంలో అత్యంత ధనవంతుడన్న కీర్తి ఆయనను అట్టమీదికి ఎక్కించినది. ఆర్థికమాంద్యపు దెబ్బనుండి ఇంకను తేరుకొనని అమెరికాలో ప్రాచ్యదేశపు రత్నరాశుల కథకు పాఠకులు ఉండినారన్నదానికి ఆ సంచిక మంచి ఆధారం. తెలంగాణపు జాగీరు గ్రామాలలో వెట్టిని గూర్చి తెలుసుకొనగోరేవాడు మాత్రం 1930లో జోగిపేటలో మొదలయిన ఆంధ్రమహాసభల తీర్మానాలను, 'గోలకొండ పత్రిక'ను చూడవలెను. మరల, 1947లో దేశవిభజన నాటి శరణార్థుల బారులను మార్గరెట్ బూర్క్‌వైట్ 'లైఫ్' కొరకు తీసిన ఛాయాచిత్రాలు ఉపఖండపు చరిత్రకే ఆధారాలయినవి. పరదేశి కన్ను ఎల్లప్పుడూ గుడ్డిది కాదు.

ఈ పెద్ద పత్రికల యుగం టెలివిజన్ రాకతో ముగిసినది. 1957 జనవరితో 'కాలియర్స్' ఆగినది. 1969లో 'పోస్ట్' వారపత్రికగా అంతరించినది. 1971లో 'లుక్', 1972లో వారపత్రిక 'లైఫ్' మూతపడినవి. మూతపడేనాటికి 'లైఫ్' 50 లక్షల ప్రతులకు పైగా చెల్లుతూనే ఉండినది. తరిగినది పాఠకులు కాదు, ప్రకటనదారులు. 1968లో 'పోస్ట్' యాజమాన్యం ప్రకటనదారులకు గిట్టని ప్రాంతాలలో ఉన్న లక్షలాది చందాదారులను తానై తొలగించినది. పాఠకునే సరుకుగా అమ్మిన వ్యాపారం చివరికి ఆ సరుకును ఏరి పారవేసినది. తొలినాటి లెక్క ఏమిటో ఆఖరి చర్య చెప్పకనే చెప్పినది.

పత్రికలు పోయిన తరువాత మిగిలేది భద్రపరచిన ప్రతులే. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితం మీద అచ్చయిన అపరాధకథల, అద్భుతకథల పత్రికలు ఆమ్లం వల్ల పొడిపొడిగా రాలినవి. 1901 నుండి వెలువడిన పత్రికావ్యాసాల సూచికలో వాటికి స్థానం లేకుండెను. కాని ఆ పత్రికలలో ఒకటైన 'ఆస్టౌండింగ్' 1944 మార్చి సంచికలో క్లీవ్ కార్ట్‌మిల్ వ్రాసిన కథలోని పరమాణు బాంబు వర్ణన చూచి సైనిక గూఢచారి శాఖ సంపాదకుడు జాన్ క్యాంబెల్‌ను విచారించినది. అచ్చయిన గ్రంథాల నుండి నేర్చిన విజ్ఞానంతోనే ఆ కథ అల్లబడినదని తేలినది. హిరోషిమాకు ఏడాది ముందు సామాన్య పాఠకుని ఊహ ఎంతవరకు పోయినదో తెలిపే ఆధారం అది. సేకరించేవారు, మోజుపడి దాచుకొన్నవారు లేకపోతే ఇట్టివి మిగిలి ఉండేవి కావు. అట్లే జాన్సన్ సంస్థ దివాలా తీసినప్పుడు 'ఎబొనీ', 'జెట్' పత్రికల 40 లక్షలకు పైబడిన ఛాయాచిత్రాల నిధి వేలానికి వచ్చినది. 2019లో కొన్ని ధర్మసంస్థలు కలిసి సుమారు 3 కోట్ల డాలర్లకు కొని ప్రజల అధీనంలోనికి తెచ్చినవి. అది ఒక వ్యాపారి చేతిలో చిక్కియుంటే ఒక జాతి తన ముఖాన్ని తాను చూచుకొనడానికి వెల చెల్లించవలసి వచ్చేది.

తెలుగు రచయితకు ఈ వృత్తాంతం దూరపు కథ కాదు. తెలుగు నవలలు ఎన్నో వారపత్రికలలో ధారావాహికలుగా పుట్టినవే. పుస్తకరూపం దాల్చేటప్పుడు వాటి చుట్టూ ఉండిన చిత్రాలు, ప్రకటనలు, మరుసటి వారపు ఉత్తరాలు రాలిపోతవి. కథ మిగులుతుంది, దానిని మొదట చదివిన ఇల్లు మిగలదు. ప్రతాపరెడ్డి గారికి కావ్యాలు దొరికినవి కనుక ఆయన ఆంధ్రుల భోజనపంక్తిని, ఆటస్థలాన్ని తిరిగి నిలబెట్టగలిగినారు. 20వ శతాబ్దపు తెలుగు ఇంటిని గూర్చి అట్టి గ్రంథం వ్రాయబూనే భావిచరిత్రకారునికి అట్టలతో, ప్రకటనలతో సహా పూర్తి సంచికలు కావలెను. అవి ఇప్పుడు ఎవరి అటకమీద ఉన్నవో వెదకి, చెదలకంటె ముందుగా చేరుకొనడం ఈ తరం చేయవలసిన పని.